క్యాన్సర్ కణానికి ఎర వేసిన గోదావరి బిడ్డ
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవన ప్రస్థానం

అమలాపురం: కోనసీమకు పడమట వశిష్ఠ, తూర్పున గౌతమి. వశిష్ఠ ఆవలి ఒడ్డున భీమవరంలో పుట్టిన ఒక పేద కుర్రవాడు, గౌతమి ఆవలి తీరాన కోరంగికి చెందిన ఒక దాత వదిలివెళ్ళిన ధర్మనిధి అండతో అమెరికా చేరాడు. ఆయన పర్యవేక్షణలో రూపుదిద్దుకున్న మందు కుటుంబం నుంచి వచ్చినదే మెథోట్రెక్సేట్. రక్త క్యాన్సర్ మొదలుకొని మూత్రాశయ క్యాన్సర్ వరకు ఎన్నో వ్యాధులపై అది దశాబ్దాలుగా పోరాడుతోంది. కోనసీమ కొబ్బరితోటల నడుమ తరతరాలుగా మనుషుల కాళ్ళను ఏనుగు కాళ్ళుగా మార్చిన బోదకాలుకు మాత్ర అందించింది కూడా ఆయన బృందమే. మాత్ర మింగేవారిలో ఎక్కువ మందికి ఆయన పేరు తెలియదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

అరటిపళ్ళ వ్యాపారానికి కాశీ పయనం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. నేడు జిల్లాలు వేరైనా, నాడు భీమవరం, అమలాపురం, రాజోలు అన్నీ మద్రాసు రాజధానిలోని గోదావరి మండలంలోనివే. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం విరమించవలసి వచ్చింది. ఏడుగురు సంతానంలో నాలుగవవాడు సుబ్బారావు. తల్లి వెంకమ్మ పట్టుదలే ఆ ఇంటికి ఆధారం.

పదమూడేళ్ళ వయసులో ఆ బాలుడు ఇల్లు విడిచి బయలుదేరాడు. కాశీ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనవంతుడు కావాలన్నది అతని ఆలోచన. రావులపాలెం అరటి మార్కెట్టును ఎరిగిన సీమవాసులకు అదేమంత విడ్డూరంగా తోచకపోవచ్చు. వెంకమ్మకు మాత్రం తోచింది. ఆమె కుమారుని వెనక్కు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు.

రాజమండ్రిలో చదువు సాగినా మెట్రిక్యులేషన్ ఒక పట్టాన గట్టెక్కలేదు. మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు. ఇంటర్మీడియట్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో. సన్యసించి రామకృష్ణ మిషన్‌లో చేరాలన్న కోరిక బలంగా ఉండేది. వైద్యం నేర్చి సేవ చేయడం మేలని మిషన్ పెద్దలు నచ్చజెప్పడంతో మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. చదువు ఖర్చును మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి భరించారు. భార్య పేరు శేషగిరి.

అవి జాతీయోద్యమం రగులుతున్న రోజులు. ఖద్దరు ధరించి ఆపరేషన్ గదిలోకి వెళ్ళిన సుబ్బారావుపై ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం కలిగింది. పర్యవసానంగా చేతికి ఎంబీబీఎస్ రాలేదు. అంతకు తక్కువైన ఎల్ఎంఎస్ పట్టా మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్య సేవలోకి దారి మూసుకుపోయింది. ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపారు.

సోదరులను బలిగొన్న వ్యాధి

అంతలో ఆ ఇంటిపై పిడుగు పడింది. సోదరులు ఇద్దరు స్వల్ప వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధికి బలయ్యారు. తిన్న ఆహారం ఒంటబట్టక, ఎడతెగని విరేచనాలతో, రక్తం క్షీణించి మనిషి శల్యమైపోయే ఉష్ణమండల వ్యాధి అది. సుబ్బారావుకూ అది సోకినా ఆయన కోలుకున్నారు. సోదరులను కాపాడే మందు నాడు ఎవరి వద్దా లేదు. ఈ మరణాలు ఆయన తరువాతి జీవితాన్ని నడిపించాయని చెప్పడం అతిశయోక్తి కాదు. పాతికేళ్ళ తరువాత స్ప్రూ రోగులకు ఊపిరిపోసిన ఫోలిక్ ఆమ్లాన్ని పరిశ్రమలో తయారు చేయించినది ఆయన ప్రయోగశాలే.

అమెరికా ప్రయాణానికి సొమ్ము కావాలి. రంగూన్ వ్యాపారంలో గడించిన ధనాన్ని ధర్మకార్యాలకు రాసిచ్చిన మల్లాడి సత్యలింగం నాయకర్ పేరిట కాకినాడలో వెలసిన ఛారిటీస్ సాయానికి ముందుకు వచ్చింది. మామగారు మరికొంత సమకూర్చారు. 1920ల తొలినాళ్ళలో సుబ్బారావు బోస్టన్‌లో అడుగుపెట్టి హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. మన పట్టాకు అక్కడ విలువ లేదు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో కూలిపని చేసి, రోగుల పడకలు సర్ది, మలమూత్రాల పాత్రలు కడిగి పొట్టపోసుకున్నారు. స్వదేశంలో పుట్టిన మగబిడ్డ పసితనంలోనే చనిపోయాడన్న వార్త అక్కడే అందింది. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనే లేదు. శేషగిరమ్మ వద్దకు ఆయన మళ్ళీ తిరిగి రాలేదు.

నీలిరంగు చెప్పిన లెక్క

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన శాస్త్రంలో చేరిన కొద్దికాలానికే ఆయన ప్రతిభ బయటపడింది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని వీరిద్దరూ 1925లో ప్రకటించారు. నమూనాకు మాలిబ్డేట్ కలిపి, తగిన రసాయనంతో చర్య జరిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటా స్థిరపడింది.

ఆ కొలబద్ద చేతికి రావడంతోనే ఇంకో తలుపు తెరుచుకుంది. కండరాలకు శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న నాటి సిద్ధాంతానికి 1922లో నోబెల్ బహుమతి సైతం లభించింది. 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని కండరం నుంచి వేరుచేసి ఫిస్కే, సుబ్బారావులు ఆ సిద్ధాంతాన్ని కదిలించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నారు. ప్రాణమున్న ప్రతి కణంలోనూ శక్తికి నాణెం వంటిది ఏటీపీ. ఈనాడు ఇంటర్మీడియట్ విద్యార్థి వల్లెవేసే ఆ మూడక్షరాల వెనుక భీమవరం మనిషి ఉన్నాడని ఎంత మంది మాస్టార్లు చెబుతున్నారో!

1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఆచార్య పదవి మాత్రం రాలేదు. తన పరిశోధన ఫలితాలను చాటుకునే స్వభావం ఆయనకు లేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదని, వాటిని తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, నాటి సహాధ్యాయి, అనంతర కాలంలో నోబెల్ గ్రహీత అయిన జార్జి హిచింగ్స్ రాశారు. ఈ విషయంలో సుబ్బారావు నోరు మెదిపినట్టు కనబడదు. 1940లో హార్వర్డ్ వీడి న్యూయార్క్ సమీపాన పెర్ల్ రివర్‌లోని లెడర్లే మందుల కంపెనీలో చేరారు.

వికటించిన విటమిను

రక్తహీనతతో బాధపడే గర్భిణులకు ఈస్టు సారం ఇస్తే కోలుకుంటున్నారని బొంబాయిలో మిల్లు కార్మిక స్త్రీలను పరీక్షించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లో వెల్లడించారు. ఆ సారంలోని గుణం ఏ పదార్థానిది? 1941లో పాలకూర నుంచి దానిని వేరుచేసిన వారు ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. సుబ్బారావు బృందం కాలేయం నుంచి దానిని సేకరించి, నిర్మాణం తేల్చి, 1945 నాటికి కృత్రిమంగా తయారు చేసింది. మరుసటి ఏడాదికే స్ప్రూ రోగులు దానితో కోలుకోవడం మొదలైంది. అన్నదమ్ముల ప్రాణాలు తీసిన వ్యాధి లొంగింది.

కథ ఇక్కడితో ఆగితే ఆయన విటమిను శాస్త్రవేత్తగానే మిగిలేవారు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన చిన్నారులకు ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను ఇచ్చి చూశారు. వ్యాధి తగ్గలేదు సరికదా మరింత చెలరేగినట్టు ఆయన గమనించారు. ఆ రోజుల్లో రక్త క్యాన్సర్ వచ్చిన బిడ్డ వారాలలోనో నెలలలోనో కన్నుమూయవలసిందే. అటువంటి బిడ్డకు ఇచ్చిన మందు కీడు చేయడం కంటే వైద్యునికి వేదన ఉండదు.

అయితే ఆ కీడులోనే ఒక జాడ దొరికింది. ఫోలిక్ ఆమ్లం క్యాన్సర్ కణానికి మేత అయితే, ఆ మేతను పోలిన విషం పెడితే ఏమవుతుంది? లెడర్లేలో ఫోలిక్ ఆమ్లపు అణువులో స్వల్ప మార్పులు చేసి నకిలీలు తయారు చేయసాగారు. అటువంటి నకిలీలలో ఒకటైన అమినోప్టెరిన్‌ను రసాయన శాస్త్రజ్ఞురాలు డోరిస్ సీగర్, సహచరులు రూపొందించారు. దానికి మరో చిన్న మార్పు చేయగా వచ్చినదే అమెథోప్టెరిన్, అంటే మెథోట్రెక్సేట్.

తాళంలో దూరి తిరగని తాళంచెవి వంటిది ఆ మందు. విభజన చెందే కణం కొత్తగా డీఎన్ఏ రాసుకోవాలి. అందుకు ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకొనే రూపానికి మార్చే ఒక ఎంజైము అవసరం. నకిలీ అణువు వెళ్ళి ఆ ఎంజైమును గట్టిగా పట్టుకుంటుంది. డీఎన్ఏ అక్షరాలు కరవై కణం మరణిస్తుంది. ఈ మర్మం పూర్తిగా తేలింది 1958లో. మందు అంతకు పదేళ్ళ ముందే రోగుల ఒంట్లోకి వెళ్ళింది.

నాడు మనిషి క్యాన్సర్ కణాలను సీసాలో శాశ్వతంగా పెంచే విద్య లేదు. అది 1951 నాటి మాట. ఫోలిక్ ఆమ్లం పనిచేస్తోందా, నకిలీ దానిని అడ్డుకుంటోందా అని చూడటానికి పరీక్షనాళికలలో సూక్ష్మజీవులను పెంచేవారు. బాక్టీరియా పెరిగితే ద్రవం మసకబారుతుంది. పెరగకపోతే తేటగా ఉంటుంది. ఆ తరువాత జంతువులు. ఆ పైన నేరుగా చావుబతుకుల్లో ఉన్న పసిబిడ్డలు. 1947 చివర ఫార్బర్ అమినోప్టెరిన్ సూది మందు ప్రారంభించారు. పదహారు మంది పిల్లలలో పది మందిలో వ్యాధి వెనుకంజ వేసిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ మేలు తాత్కాలికమే. వ్యాధి తిరగబెట్టింది. అయినా మందుతో రక్త క్యాన్సర్‌ను వెనక్కు నెట్టవచ్చని మొదటిసారి రుజువైంది. ఆ వార్త వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

మూత్రాశయ క్యాన్సర్‌పై అదే అస్త్రం

ఆయన వెనుక మెథోట్రెక్సేట్ ప్రయాణం సాగింది. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్‌లు గర్భసంబంధమైన ఒక అరుదైన క్యాన్సర్‌ను దీనితో నయం చేయగలిగారు. 1970లలో మూత్రాశయ క్యాన్సర్ ముదిరిన రోగులకు ఇచ్చి చూడగా కొందరిలో గడ్డలు తగ్గాయి. 1985లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు నాలుగు మందుల కూటమిని ప్రకటించారు. అందులో మొదటిది మెథోట్రెక్సేట్. రెండవది విన్‌బ్లాస్టిన్. ఇది మన పెరళ్ళలో, గుడి ప్రాంగణాలలో ఊదారంగు పూలు పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చింది. మూడవది ఇటలీ మట్టిలోని సూక్ష్మజీవి ఇచ్చిన డాక్సోరుబిసిన్. నాలుగవది ప్లాటినం లోహంతో చేసిన సిస్‌ప్లాటిన్. నూటికి సుమారు 70 మందిలో గడ్డలు తగ్గడం నాటికి పెద్ద విశేషం. నోటిపూత, తెల్లరక్తకణాలు పడిపోవడం, మూత్రపిండాలకు హాని వంటి బాధలూ ఎక్కువే. 2000లో జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ జంట దాదాపు అంతే ఆయుష్షును తక్కువ బాధతో ఇస్తుందని తేలడంతో చాలాచోట్ల అటు మొగ్గారు. 2023 తరువాత యాంటీబాడీ మందులు ముందుకు వచ్చాయి. నాలుగు మందుల కూటమి మాత్రం మూలబడలేదు. ఆపరేషన్‌కు ముందు దగ్గర దగ్గర మోతాదులలో నేటికీ వాడుతున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మూత్రాశయ క్యాన్సర్‌కు పొగాకే ప్రధాన కారణం. చుట్ట, బీడీ, సిగరెట్ ఏదైనా అందులోని విషాలు రక్తం ద్వారా మూత్రంలో చేరి, గంటల తరబడి మూత్రాశయపు గోడను తాకుతూ ఉంటాయి. రంగుల పరిశ్రమల్లోని కొన్ని రసాయనాలదీ అదే దారి. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం తొలి హెచ్చరిక. ఒకసారి పడి ఆగిపోయింది కదా అని, వేడి చేసిందని కొబ్బరినీళ్ళు తాగి ఊరుకునే వారున్నారు. వ్యాధి లోపలి పొరకే పరిమితమైనప్పుడు దొరికితే గొట్టం ద్వారా గోకి తీసి, మూత్రాశయంలోకే మందు ఎక్కించి అదుపు చేయవచ్చు. కండరంలోకి దిగితే కథ మారుతుంది.

సీసాలో కణాలు.. పళ్ళెంలో పరీక్ష

నేడు ఏ కొత్త మందైనా రోగి దరి చేరేముందు ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాలపై పరీక్షకు నిలవాలి. మూత్రాశయ క్యాన్సర్‌లో ఎక్కువగా వాడే కణాలు టీ-24. స్వీడన్‌లో ఒక వృద్ధురాలి గడ్డ నుంచి 1970లో తీసినవి అవి. ఆ రోగి ఎవరో లోకానికి తెలియదు. ఆమె కణాలు మాత్రం ఖండఖండాలలో పెరుగుతూనే ఉన్నాయి. మామూలు జన్యువులో ఒక్క అక్షరం మారితే క్యాన్సర్ కారకంగా మారగలదని 1982లో శాస్త్రవేత్తలు కనుగొన్నది ఈ కణాల్లోనే.

పరీక్ష విధానం చూడటానికి సులువు. తొంభై ఆరు గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో కణాలను నాటి, శరీరపు వేడిలో ఉంచుతారు. ఒక్కొక్క వరుసకు మందు మోతాదు పెంచుకుంటూ పోతారు. రెండు మూడు రోజుల తరువాత పసుపు రంగు పదార్థం ఒకటి వేస్తారు. బతికున్న కణం దానిని ఊదారంగుకు మారుస్తుంది. చచ్చిన కణం మార్చలేదు. ఊదా ఎంత చిక్కగా ఉందో యంత్రం కొలుస్తుంది. సగం కణాలను అణచే మోతాదు ఎంతో లెక్క తేలుతుంది. 1983 నుంచి వాడుకలోకి వచ్చిన విధానమిది. రంగు చిక్కదనాన్ని బట్టి ప్రాణవ్యాపారం గణించడం 1925లో సుబ్బారావు చేసిన పనికి దూరపు చుట్టమే.

మెథోట్రెక్సేట్ దగ్గరకు వచ్చేసరికి పళ్ళెం తరచూ తప్పుదారి పట్టిస్తుంది. కణాలను పెంచే ద్రవంలో ఫోలిక్ ఆమ్లం మనిషి రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఆ ద్రవానికి కలిపే పశువుల సీరంలో డీఎన్ఏ ముడిసరుకులు సిద్ధంగా ఉంటాయి. ఇంట్లో వంట చేయనివ్వకుండా తాళం వేసినా వీధిలో సంతర్పణ జరుగుతూ ఉంటే మనిషి పస్తుండడు కదా. అలాగే ఆ కణాలు మందును తప్పించుకుంటాయి. పళ్ళెంలో మొండికేసిన కణం రోగి ఒంట్లో లొంగవచ్చు. పళ్ళెంలో చచ్చిన కణం ఒంట్లో బతకవచ్చు.

కణాలు నేర్చే టక్కరితనం వేరే ఉంది. కొద్దికొద్దిగా మందు పెంచుతూ పోతే కొన్ని కణాలు దానిని లోపలికి రానిచ్చే ద్వారాన్ని మూసేస్తాయి. మరికొన్ని మందు పట్టుకునే ఎంజైము జన్యువునే పదులు, వందల ప్రతులుగా పెంచుకుంటాయి. ఈ రెండవ ఎత్తును 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కే బృందం వెల్లడించింది. ఫార్బర్ చికిత్స చేసిన బిడ్డలలో వ్యాధి ఎందుకు తిరగబెట్టిందన్న ప్రశ్నకు కొంత సమాధానం ఇటువంటి పళ్ళేలలోనే దొరికింది.

రోగి గడ్డ నుంచే కణాలు తీసి, ముందుగా మందులన్నీ వాటిపై వేసి చూసి, పనిచేసేదే ఇవ్వవచ్చు గదా అన్న ఆశ 1970ల చివరలో బలంగా కలిగింది. చాలా గడ్డల కణాలు బయట పెరగనే లేదు. పెరిగినవి ఏ మందు పనికిరాదో చెప్పినంత బాగా ఏది పనికివస్తుందో చెప్పలేకపోయాయి. ఆ ప్రయత్నం నేటికీ కొత్త రూపాలలో సాగుతోంది.

మోతాదుతో జాగ్రత్త

మెథోట్రెక్సేట్ ఇప్పుడు క్యాన్సర్ వార్డులకే పరిమితం కాదు. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు తక్కువ మోతాదు మాత్రలుగా డాక్టర్లు రాస్తున్నారు. ఇది సాధారణంగా వారానికి ఒక్కసారే వేసుకోవలసినది. పొరపాటున రోజూ మింగి ప్రాణాపాయం తెచ్చుకున్న సంఘటనలు దేశదేశాలలో నమోదయ్యాయి. గర్భిణులు అసలు వాడరాదు. దుష్ఫలితాలు తగ్గడానికి దీనితోపాటు విడిగా ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇస్తారు. అసలూ నకిలీ రెండూ ఒకే ప్రయోగశాల పంటలే కావడం విచిత్రం.

బోదకాలుకు మందు

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా భయం పట్టుకుంది. మందు కోసం లెడర్లేలో అన్వేషణ మొదలైంది. ఫలితంగా 1947లో హెట్రజాన్ వెలువడింది. శాస్త్రనామం డైఇథైల్ కార్బమజిన్. రక్తంలో తిరిగే ఫైలేరియా పిల్లపురుగులను ఇది నాశనం చేస్తుంది. అప్పటికే ఏనుగు కాలైన కాలును మామూలు కాలుగా మార్చలేదు. అందుకే వాపు రాకముందే, ఊరంతా, ఏటా మింగాలన్న పద్ధతి వచ్చింది.

మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఈ జబ్బుకు తూర్పుగోదావరి పాతకాపు. పురుగులు రక్తంలో రాత్రివేళనే తిరుగుతాయి గనుక ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఇళ్ళకు వచ్చి వేలిరక్తం తీయడం ఇక్కడి పెద్దలందరికీ ఎరుకే. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో ఆరంభమైంది. 2004 నుంచి దేశమంతటా వ్యాధి ఉన్న జిల్లాలలో సామూహికంగా మాత్రలు పంచడం మొదలైంది. ఇంటింటికీ తిరిగి కళ్ళెదుటే మింగించిన ఆ మాత్ర భీమవరం వాసి ప్రయోగశాలలో పుట్టినదని ఆ కరపత్రాలలో ఎక్కడైనా రాస్తే బాగుండేది.

స్టాంపు.. శిలీంధ్రం

మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ వెలికితీసింది కూడా సుబ్బారావు సారథ్యంలోని లెడర్లే పరిశోధన విభాగంలోనే. 1948లో ఆ యాంటీబయాటిక్ లోకానికి పరిచయమైంది. పావు శతాబ్ది అమెరికాలో గడిపినా ఆయన ఆ దేశ పౌరుడు కాలేదు. నోబెల్ రాలేదు. తన పేర పేటెంట్లు పోగుచేసుకోలేదు. కొత్త మందు ప్రకటించే సభలలో వెనుక వరుసలో కూర్చునే అలవాటు.

ఆయన సహచరులు ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో స్టాంపు విడుదల చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం, డైఇథైల్ కార్బమజిన్ మూడూ ఉన్నాయి.